చిత్తోడ్‌గఢ్ విజయస్తంభం: ఒక రాత్రి ఆగి చూడండి

ఉదయపూర్ వెళ్లే మనవాళ్లు చాలామంది చిత్తోడ్‌గఢ్ కోటను పగలు చుట్టేసి సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరమే కాబట్టి వీలవుతుంది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోటో దిగి వచ్చేస్తే విజయస్తంభాన్ని చూసినట్టు కాదు. రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే కొండెక్కండి.

మాళవ సుల్తాను మహమూద్ ఖిల్జీపై గెలుపునకు గుర్తుగా మేవాడ్ రాజు రాణా కుంభ కట్టించిన తొమ్మిది అంతస్తుల స్తంభమిది. 1448లో పూర్తయింది, ఎత్తు 37 మీటర్లు. యుద్ధ స్మారకమే అయినా నిండా దేవతలే. ఏటవాలు ఎండ పడితే గూళ్లలోని మూర్తులు ఒక్కొక్కటే తేలివస్తాయి. అంచుల మీద కొండముచ్చులు పిల్లలను పొట్టకు కరచుకుని కూర్చుంటాయి. లోపలి విగ్రహాలకు పేర్లు కూడా చెక్కారు. మూడో అంతస్తులో అరబ్బీ లిపిలో అల్లా పేరు ఉంది. ఓడించింది సుల్తానునే, అయినా ఆ పేరుకు చోటిచ్చారు! ఐదో అంతస్తులో స్తంభాన్ని కట్టిన జైతా, అతని కొడుకుల రూపాలున్నాయి. రాజు గెలుపు చాటే కట్టడంలో పనివాళ్లకూ చోటు దక్కడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

లోపల 157 ఇరుకు మెట్లు. మేము వెళ్లినప్పుడు పైకి వదలలేదు. దుర్భిణి ఉంటే తప్పక తీసుకెళ్లండి, పై అంతస్తుల పనితనం కింది నుంచి కంటికి ఆనదు.

బస చాలావరకు కొండ కింద ఊళ్లోనే. గదులు మామూలువే గానీ శుభ్రంగా ఉన్నాయి. స్టేషన్‌కు దూరంగా తీసుకుంటే నిద్ర పడుతుంది. దాల్ బాటీ (పప్పుతో తినే కాల్చిన గోధుమ ఉండలు) బాగుంది, నెయ్యి తగ్గించమని ముందే చెప్పాలి. గైడు విషయంలో మాత్రం జాగ్రత్త. మాకు దొరికినాయన చిత్తోడ్ రాణి పద్మిని కథ తీరిగ్గా చెప్పి, స్తంభం దగ్గర పది నిమిషాల్లో ముగించేశాడు.

కోట చుట్టుకొలత 13 కిలోమీటర్లు, నడిచి తిరగలేం. ఆటో బేరమాడేటప్పుడే జైన కీర్తిస్తంభం కూడా చూపించాలని చెప్పండి. అది 22 మీటర్లే గానీ విజయస్తంభం కన్నా పాతది, జైనుల మొదటి తీర్థంకరుడు ఆదినాథుడికి అంకితం. అక్కడ జనం తక్కువ, నిలబడి చూడనిస్తారు. సమయం చాలకపోతే పద్మినీ మహల్ వదిలేసి దీనికే వెళ్లండి.