సాబ్ 96, సిట్రోయెన్ డీఎస్, లాన్సియా స్ట్రాటోస్: ఈ వింత బాడీల్లో ఏది మేలు?

పాత ర్యాలీ కార్ల ఫొటోలు పెట్టినప్పుడల్లా అందరూ అడిగేది ఒక్కటే, "ఇంతకీ వీటిల్లో ఏది మేలు అన్నా?" అని. ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చా. పోయిన నెల నా అద్దాల బీరువాలో ఒక్క 1:18 మోడల్‌కే (అసలు కారులో పద్దెనిమిదో వంతు సైజు బొమ్మ) చోటు మిగిలింది, ఈ మూడింట్లో ఒకటే కొనాలి, ఇక తేల్చుకోక తప్పలేదు.

స్ట్రాటోస్‌ని చూస్తే సమోసాకి చక్రాలు పెట్టినట్టుంటుంది, నేను ప్రేమతోనే అంటున్నా. 1970 ట్యూరిన్ షోలో ఇటలీ డిజైన్ కంపెనీ బెర్టోనే వాళ్ళు పెట్టిన జీరో అనే కారు ఎత్తు 84 సెంటీమీటర్లే, ముందు అద్దం పైకెత్తి లోపలికి దిగాలి. ఆ పిచ్చిలోంచి పుట్టిన ర్యాలీ కారు ఇది. బెర్టోనే డిజైనర్ గాండీనీ గీసిన ఆ ముందు అద్దం హెల్మెట్ వైజర్‌లా చుట్టూ తిరిగి ఉంటుంది, తలుపుల లోపలేమో హెల్మెట్లు పెట్టుకోడానికి అరలు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2180 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన మారుతి 800 అంత (అది 2175), అంత పొట్టి బండిలో సీట్ల వెనకాల ఫెరారీ డినో వీ6 ఇంజిన్! 1974, 75, 76 మూడేళ్ళూ వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ లాన్సియాకి తెచ్చిపెట్టింది. ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ర్యాలీ కోసమనే పుట్టిన కారుకి వింత బాడీ ఉండటంలో వింతేముంది, సంతకెళ్ళి కూరగాయలు తెచ్చుకునే కారు ర్యాలీకి వెళ్తే కదా అసలు సరదా.

అందుకే డీఎస్ నాకు ఇంకా దగ్గర. 1955లో ప్యారిస్‌లో బయటికొచ్చింది, గీసినాయన ఫ్లామీనియో బెర్టోనీ, శిల్పి కూడా. డచ్చివాళ్ళు దీన్ని స్నూక్ అంటారు, అది వాళ్ళ దగ్గరి పొడుగు మూతి చేప, నాకైతే కొర్రమీను గుర్తొస్తుంది. వెనక చక్రాల మధ్య దూరం ముందు చక్రాలకంటే 20 సెంటీమీటర్లు తక్కువ, చీర కుచ్చిళ్ళు దోపినట్టు బాడీ వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఇండికేటర్లేమో కప్పు చివర్లో రెండు కొమ్ముల్లా. వెనక చక్రం సగం మూసేసి ఉంటుంది కదా, పంక్చరైతే ఎలా అని అడుగుతారు. ఒక్క బోల్టు విప్పితే ఆ ఫెండర్ మొత్తం చేతికొచ్చేస్తుంది, బండేమో తన సస్పెన్షన్‌తో తనే లేచి నిలబడుతుంది, కింద స్టాండ్ పెట్టి మళ్ళీ దించితే చక్రమే గాల్లోకి లేస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఇంకో కారులో నేను చూళ్ళేదు.

మోంటే కార్లో ర్యాలీ రెండుసార్లు దీని కుటుంబానికే వచ్చింది, 1959లో ఐడీ19కి, 1966లో డీఎస్ 21కి. రెండోది ముందొచ్చిన మినీ కార్లని హెడ్‌లైట్ల రూల్ మీద తీసేశాక దక్కింది. స్టీరింగ్‌తో పాటు తిరిగే లైట్లు డీఎస్‌కి వచ్చింది మాత్రం 1967లో, ఆ గొడవ తర్వాతే. 1968లో లండన్ నుంచి సిడ్నీకి జరిగిన మారథాన్ మన ఢిల్లీ, బొంబాయిల మీదుగానే వెళ్ళింది, అందులో బియాంకీ, ఓజియేల డీఎస్ ముందుంది, ఇంక కొద్దిదూరంలో గెలుపు అనగా ఎదురుగా వచ్చిన మినీని గుద్దుకుంది. అది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

అయినా నా ఓటు సాబ్ 96కే.

సగం కొబ్బరిచిప్ప బోర్లించి చక్రాలు తగిలించినట్టుంటుంది. విమానాలు చేసే కంపెనీ వాళ్ళు మొదటిసారి కారు చేస్తే రెక్క లాగే చేశారు, వీళ్ళ తొలి మోడల్ 92కి మొదట్లో డిక్కీ మూతే లేదు, సామాను వెనక సీటు వంచి లోపల్నుంచి తోయాల్సిందే! 96 ఇంజిన్ 841 సీసీ, మూడు సిలిండర్ల టూస్ట్రోక్, ఆర్ఎక్స్100 నడిపినోళ్ళకి ఆ సౌండూ ఆ పొగా చెప్పక్కర్లేదు. షోరూమ్ కారుకి 38 హార్స్‌పవరే. నా దృష్టిలో మొత్తం విషయం ఇక్కడే తేలుతుంది. అంత తక్కువ పవర్ ఉన్న బండిలో ఒకసారి స్పీడు తగ్గితే మళ్ళీ అందుకోడానికి యుగం పడుతుంది, అందుకని సాబ్ ర్యాలీ డ్రైవర్ ఎరిక్ కార్ల్‌సన్ యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండానే ఎడమకాలితో బ్రేకు తొక్కుతూ మలుపులు తిరిగేవాడు, అలా తిరిగేవాడు ఎప్పుడో ఒకప్పుడు బోల్తా పడతాడు, పడితే కప్పు నిలబడాలి. ఈ కప్పు నిలబడింది. ఎన్నిసార్లు బోల్తా కొట్టాడంటే స్వీడన్‌లో ఆయన్ని "కప్పు మీది కార్ల్‌సన్" అనేవాళ్ళు. తూర్పు ఆఫ్రికాలో జరిగే సఫారీ ర్యాలీలో బురదలో కూరుకుపోతే కావాలనే కారుని దొర్లించి బయటపడ్డాడని, నమ్మని విలేకరులకి మళ్ళీ దొర్లించి చూపించాడని చెప్పుకుంటారు. మూలలు లేని గుండ్రటి బండి కాబట్టే అది కుదిరింది, స్ట్రాటోస్‌నో డీఎస్‌నో అలా దొర్లించే ఆలోచన ఎవరికైనా వస్తుందా? 1960, 61, 62 ఆర్ఏసీ ర్యాలీ (బ్రిటన్‌ది) వరసగా గెలిచాడు, 1962, 63 మోంటే కార్లో కూడా, 1964 సఫారీలో రెండో స్థానం. వింతగా కనబడే ఆ ఆకారమే అక్కడ పని చేసింది, స్టైల్ కోసం పెట్టిన ఒంపు ఒక్కటీ లేదు.

మిగతావి అడిగారు కాబట్టి: ఎంజీ మెట్రో 6ఆర్4కి ముందొక పార లాంటి రెక్క, వెనకొక బల్ల లాంటి రెక్క, బాగుంటుంది. రెనో 5 టర్బో వెనక తుంటి బాగా వెడల్పు, దాంతో రాగ్నోటీ అనే డ్రైవర్ 1981 మోంటే కార్లో గెలిచాడు. సిట్రోయెన్ బీఎక్స్ 4టీసీ ముక్కు మరీ పొడుగు, నాకు నచ్చలేదు.

చివరికి ఎర్ర సాబ్ కొన్నా, కార్ల్‌సన్ రంగు. బీరువాలో పెట్టిన మర్నాడే మా చిన్నోడు దాన్ని కప్పు మీదకి తిప్పేశాడు, అలాగే ఉంచేశా.