ప్యానెల్ మంచిదే, బ్యాటరీ మంచిదే, పొత్తే కుదరలేదు

నూజివీడు దగ్గర మా మామిడితోటకు అర కిలోమీటరు ఇవతలే కరెంటు స్తంభాలు ఆగిపోయాయి. తోటలో ఉన్నది ఒకటే గది. కాపలా ఉండే దంపతులకు ఒక ఫ్యాను, నాలుగు బల్బులు, రెండు ఫోన్ల ఛార్జింగు ఉంటే చాలు. కాపు మొదలయ్యేలోగా అమర్చుదామని ఫిబ్రవరిలో విజయవాడలోని ఒక సోలార్ దుకాణానికి వెళ్లాను.

"330 వాట్ల ప్యానెల్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ, కంట్రోలర్, ఇన్వర్టర్. మాస్టారూ, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నారు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది కంట్రోలర్. బ్యాటరీ కరెంటును ఫ్యానుకు, బల్బులకు పనికొచ్చేలా మార్చేది ఇన్వర్టర్. ఏం నడుపుతారు, ఎన్ని గంటలు నడుపుతారు అని ఒక్క మాటా అడగలేదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన నేనూ ఆ లెక్క వేయకుండానే డబ్బు కట్టి వచ్చాను.

బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు మాత్రం పనిమంతులు. ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, 17 డిగ్రీల వాలుతో నిలబెట్టారు. స్టాండు గాలివానకు కూడా కదల్లేదు. ఇంతవరకు దుకాణానికి పూర్తి మార్కులు.

మూడో వారం నుంచి రాత్రి రెండింటికే ఫ్యాను ఆగిపోవడం మొదలైంది. దుకాణానికి ఫోన్ చేస్తే "మబ్బు పట్టి ఉంటుంది" అన్నారు. మార్చి నెలలో, నూజివీడులో మబ్బు!

చివరికి ఎలక్ట్రీషియనుగా చేస్తున్న నా పాత విద్యార్థి మీటరు పట్టుకుని వచ్చాడు. మిట్టమధ్యాహ్నం బ్యాటరీలోకి వెళ్తున్నది ఎనిమిదిన్నర ఆంపియర్లు. బ్యాటరీ దగ్గరున్న 13 వోల్టులతో హెచ్చవేస్తే 110 వాట్లు. "మిగతా 220 ఏమయ్యాయిరా?" అన్నాను. "మాస్టారూ, ఈ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర పనిచేసేది. మీకిచ్చింది పీడబ్ల్యూఎం అనే రకం కంట్రోలర్. అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టుకు దించేస్తుంది, ఆంపియర్లు మాత్రం పెంచలేదు" అన్నాడు.

అప్పుడు కాగితం తీశాను. ఫ్యాను 30 వాట్లు, 12 గంటలకు 360. బల్బులు 9 వాట్లవి నాలుగు, ఐదు గంటలకు 180. ఫోన్లకు 60. మొత్తం 600 వాట్ అవర్లు. ఇన్వర్టర్ ఊరికే వెలుగుతూ కూర్చున్నా 12 వాట్లు తింటుంది, రోజుకు 288. ఫ్యాను తిండికి అది ఎంతో తక్కువ కాదు! ఖర్చు 888, రాబడి నాలుగున్నర గంటల నిండు ఎండకు 500 లోపే. ఇక బ్యాటరీ ఎలా నిండుతుంది? పైగా 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీకి 15 ఆంపియర్ల దాకా ఛార్జింగు ఉండాలి. సగం కడుపుతో రోజుల తరబడి ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ పాడవుతుంది.

30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ వేరే చోట కొన్నాం. ప్యానెల్‌లోని అదనపు వోల్టులను ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి ఇచ్చే రకం ఇది. పెట్టె మీద ఎంపీపీటీ అని అచ్చువేసి లోపల పీడబ్ల్యూఎం పెట్టిన సరుకు కూడా అమ్ముతున్నారట. మావాడు మూత విప్పి, లోపల పెద్ద రాగి చుట్ట ఉందని చూశాకే డబ్బు ఇవ్వమన్నాడు. బ్యాటరీకి వెళ్లే సన్నని వైరు తీసేసి లావుది వేశాడు. ఉదయం తొమ్మిదికే ప్యానెల్ మీద నీడ వేస్తున్న బంగినపల్లి కొమ్మను కొట్టించాడు. దానికి మా ఆవిడ ఇంకా నన్నే తిడుతోంది. ఒక మూలన నీడ పడినా ప్యానెల్‌లో మూడో వంతు దాకా పడుకుంటుందని ఆమెకు చెప్పి చూశాను.

ఇప్పుడు మధ్యాహ్నం 20 ఆంపియర్లు దాటుతున్నాయి. మే ఎండకు ప్యానెల్ వేడెక్కి కొంత తగ్గింది గానీ ఫ్యాను తెల్లవారేదాకా తిరిగింది.

సరుకుకు ఐదుకు నాలుగు, బిగింపుకు ఐదు, సలహాకు సున్నా. పాత కంట్రోలర్‌ను "వాడిన సరుకు" అని వెనక్కి తీసుకోలేదు. పక్క తోటవారికి ఇచ్చేశాను. వాళ్ల పశువుల పాక మీద 18 వోల్టుల చిన్న ప్యానెల్ ఉంది. దానితో అది ఏ పేచీ లేకుండా పనిచేస్తోంది.