ముక్కుపుడక: రాయి సరే, వెనక బిళ్ల చూశారా?

పుడక కొనేటప్పుడు అందరి కళ్లూ రాయి మీదే ఉంటాయి. ఏళ్ల తరబడి పెట్టుకున్నదానిగా నేను చెప్పేది, ముందు వెనక వైపు చూడమని. రాత్రీ పగలూ ముక్కులో ఒరుసుకునేది కాడ, బిళ్లే. నేను వాడుతున్నది ఇంప్లాంట్ గ్రేడ్, అంటే ఒంట్లో అమర్చడానికి పనికొచ్చే టైటానియం పుడక. ఆ లోహానికి ఉన్న ప్రమాణం పేరు ఏఎస్‌టీఎం ఎఫ్‌136. కాడ తిన్నగా ఉండి, లోపలివైపు చిన్న చదును బిళ్ల ఉంటుంది. ఫ్లాట్ బ్యాక్ అని అడిగితే ఇస్తారు.

ముక్కు కుట్టించుకున్నది బోలు సూదితో. కుట్టే గన్‌ వద్దని గట్టిగా చెప్తాను. అది మొద్దు పుడకనే కండలోకి బలవంతంగా దూరుస్తుంది. పైగా ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ని ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో పెట్టి శుద్ధి చేయలేరు. సూదైతే ఒకసారి వాడి పారేస్తారు. నొప్పి క్షణమే, కాకపోతే కుట్టిన వైపు కంట్లోంచి నీళ్లు బొటబొటా కారతాయి. కంగారు పడక్కర్లేదు, ముక్కు నరం కదిలితే కన్ను చెమర్చడం మామూలే.

అసలు పరీక్ష మానేటప్పుడు. కొన్ని వారాలకే పైకి మానిపోయినట్టు కనిపిస్తుంది, నమ్మకండి. లోపలి పుండు మానడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది దాకా పడుతుంది. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే కాడ చుట్టూ లేత పసుపు రసి చక్కెర పలుకుల్లా గట్టిపడి ఉండేది. అది చీము కాదు. 0.9 శాతం స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీరు) చల్లి, మెత్తబడ్డాక అద్ది తీసేదాన్ని, రోజుకు రెండుసార్లు, అంతే. రోజూ పుడక తిప్పుతుండాలని పెద్దవాళ్లు చెప్తారు కానీ, తిప్పితే ఎండిన రసి పుండును గీరుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే కొత్తగా పుట్టే కణాల్ని కూడా చంపేస్తాయి.

ఒకసారి తువ్వాలు దారం పుడకకు తగులుకుని లాగేసింది. పక్కనే ఎర్రటి బుడిపె లేచింది. చూసినవాళ్లంతా కీలాయిడ్ అన్నారు. కీలాయిడ్ అంటే గట్టిపడిన మచ్చ కండ, అది గాయం హద్దు దాటి పెరుగుతుంది, దానంతటది పోదు. నాది ఒరిపిడికి లేచిన బుడిపె. ముఖం టిష్యూతో అద్దుకుని, ఆ వైపు పడుకోకుండా ఉంటే మెల్లగా అణిగింది. చిక్కటి చీము, వేడి, పెరిగే వాపు, జ్వరం ఉంటే మాత్రం డాక్టర్‌ దగ్గరికి వెళ్లాల్సిందే. అప్పుడు కూడా పుడక మీరే పీకేయకండి. రంధ్రం పూడుకుపోయి చీము లోపలే చిక్కుకోవచ్చు.

వాపుకు చోటుండాలని మొదటి కాడ కాస్త పొడుగ్గా వేస్తారు. వాపు పోయాక పొట్టిది వేయించుకోవడం చాలామంది పట్టించుకోరు. పొడుగు కాడ ఊగుతూ ఊగుతూ రంధ్రాన్ని వంకర చేస్తుంది.

మిగతా రకాలూ వాడి చూశాను. ఎల్ ఆకారపుది నిద్రలో జారిపోయేది. కొక్కెంలా వంగిన స్క్రూ రకంతో జలుబు చేసినప్పుడు ముక్కు చీదడమే కష్టం. సర్జికల్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది కాబట్టి అది పడనివాళ్లకు దురద రావచ్చు. బంగారం ఇష్టమైతే నికెల్ కలవని 14 లేదా 18 క్యారెట్లది తీసుకోండి, పూత పూసింది కొత్త పుండుకు అసలే వద్దు.

ఫ్లాట్ బ్యాక్‌కీ లోపాలున్నాయి. సొంతంగా మార్చుకోవడం మొదట్లో చాలా కష్టం, తడి వేళ్లకు బిళ్ల అస్సలు దొరకదు. బిళ్ల వెనక చీమిడి పేరుకుంటుంది, స్నానం చేసేటప్పుడు నీళ్లతో కడుక్కోవాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా పుడక తీసి ఒక రాత్రి ఉంచితే లోపలివైపు బిగుసుకుపోతుంది. అందుకే శుభ్రం చేయడానికి తీసినా, రెండో పుడక చేతిలో సిద్ధంగా పెట్టుకునే తీస్తాను.