వియత్నాంలో వేళ చూసుకుని తినాలి: హనోయ్ నుంచి సైగాన్ దాకా

వియత్నాం వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు వచ్చాయి, 25 డాలర్లకే 90 రోజుల ఈ-వీసా దొరుకుతోంది. వెళ్లొచ్చినవాళ్లు హా లాంగ్ బే పడవల గురించి, దా నాంగ్ దగ్గరి చేతుల వంతెన గురించి గంటలు గంటలు చెప్తారు. తిండి సంగతి అడిగితే మాత్రం "ఇండియన్ రెస్టారెంట్లు దొరుకుతాయిలే" అని తేల్చేస్తారు. నాకు ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ దేశం ప్రపంచానికి చూపించాల్సినదంతా పేవ్‌మెంట్ మీద ప్లాస్టిక్ స్టూలు వేసి పెట్టుకుంది మరి.

నేను అన్నీ తింటాను. నాతో వచ్చిన అమ్మ గుడ్డు కూడా ముట్టదు, పైగా మోకాళ్ల నొప్పులు. ఇద్దరం హనోయ్‌లో మొదలుపెట్టి హుయే, హోయ్ ఆన్ మీదుగా సైగాన్ (హో చి మిన్ సిటీ) దాకా వీధుల్లోనే తిన్నాం. నాకు అర్థమైంది ఇది: అక్కడ మంచి కొట్టు ఒకటే వంటకం చేస్తుంది, దాన్ని కూడా ఒక వేళకే చేస్తుంది. ఆ వేళ పట్టుకుంటే చాలు, రేటింగులు వెతకక్కర్లేదు. గది ఎక్కడ తీసుకోవాలన్నది కూడా దాన్ని బట్టే తేలుతుంది.

అందుకే నా మొదటి సలహా, హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌కి డబ్బు కట్టొద్దు. హనోయ్‌లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య తినాల్సినవి హోటల్ బఫేలో ఉండవు. ఉన్నా, గంట క్రితం వండి మూతేసినవి ఉంటాయి. మేం ఓల్డ్ క్వార్టర్‌లో హొవాన్ కియెమ్ సరస్సుకి నడిచి వెళ్లేంత దూరంలో దిగాం. అక్కడి ఇళ్లు వీధివైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి కాబట్టి చవక గదులకు చాలావాటికి కిటికీ ఉండదు. మాకు దొరికిన మొదటి గది ఫోటోలో కిటికీ ఉంది, తీరా తెరిస్తే అర అడుగు దూరంలో పక్కింటి గోడ. లిఫ్ట్ ఉందని రాసుకున్నారు, అది మూడో అంతస్తు నుంచి మొదలవుతుంది! అమ్మని మెట్లెక్కించలేక మర్నాడే వేరే చోటికి మారాం. బుక్ చేసే ముందు కిటికీ వీధివైపా, లిఫ్ట్ కింద నుంచా అని మెసేజ్ పెట్టి అడగండి. ఇంకొకటి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా సరస్సు చుట్టూ బళ్లు రానివ్వరు. సూట్‌కేసులతో ఆ రోజుల్లో దిగితే క్యాబ్ దూరంగానే ఆపేస్తాడు.

ఇక తిండి. హనోయ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఫో (మాంసం రసంలో బియ్యపు నూడుల్స్) కాదు, బాన్ కువోన్. ఓల్డ్ క్వార్టర్‌లో ఒక ఇంటి గుమ్మం ముందు యాభై దాటిన ఒకావిడ చేస్తుంటే చాలాసేపు నిలబడి చూశాం. నీళ్లు మరుగుతున్న గిన్నె మూతికి గుడ్డ బిగించి కట్టి ఉంది. దాని మీద గరిటెడు పలచటి బియ్యప్పిండి పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా పరిచి మూతేసింది. అర నిమిషం కూడా గడవకుండా మూత తీసి, సన్నటి వెదురు బద్దని పొర కిందికి తోసి, చిరగకుండా ఎత్తి నూనె రాసిన పళ్లెం మీదికి జార్చింది. అందులో పంది కీమా, నల్ల పుట్టగొడుగుల తురుము పెట్టి రెండు మడతల్లో చుట్టేసింది. ఈలోపు గుడ్డ మీద రెండో పొర ఉడికిపోతోంది. అమ్మ కళ్లార్పకుండా చూసి, "మన ఆత్రేయపురం పూతరేకుల చెయ్యేనే ఇది, కుండకి బదులు గుడ్డ" అంది. నిజమే, ఆ పొర పల్చదనం అలాంటిదే, కాకపోతే ఇది తడిగా, మెత్తగా ఉంటుంది. అమ్మకి లోపల ఏమీ పెట్టకుండా ఉత్త పొరలు చుట్టి, వేయించిన ఉల్లిపాయలు చల్లి, చేప సాస్ బదులు సోయా సాస్ ఇచ్చింది. రెండు ప్లేట్లు తింది.

ఫో సంగతి అందరికీ తెలిసిందే, రెండు విషయాలు మాత్రం చెప్తాను. హనోయ్ ఫో రసం తేటగా ఉంటుంది, పైన ఉల్లికాడలు తప్ప పెద్దగా ఆకులుండవు. దక్షిణాన రసం కొంచెం తియ్యగా, పక్కన తులసి జాతి ఆకులు, పెసర మొలకలు ఓ పళ్లెం నిండా ఇస్తారు. నా ఓటు హనోయ్‌కే. రెండోది, బోర్డు మీద 'బో' అని ఉంటే గొడ్డు మాంసం, 'గా' అంటే కోడి, 'తోమ్' అంటే రొయ్య, 'కా' అంటే చేప. పందికి ఉత్తరాన ఒక పేరు, దక్షిణాన ఇంకో పేరు, కాబట్టి తిననివాళ్లు ఫోన్‌లో బొమ్మ చూపించి అడగడం మేలు.

బున్ చా మధ్యాహ్నం తిండి. పదకొండింటికి వీధుల్లో బొగ్గుల పొగ లేస్తుంది, రెండింటికల్లా చాలామంది సర్దేస్తారు. కాల్చిన పంది ముక్కల్ని, పచ్చి బొప్పాయి ముక్కల్ని గోరువెచ్చటి తీపి పులుపు చేప సాస్‌లో వేసి ఇస్తారు, సేమ్యాలాంటి బియ్యపు నూడుల్స్ అందులో ముంచుకుని తినాలి. 2016 మేలో ఒబామా, అమెరికన్ షెఫ్, టీవీ హోస్ట్ అంటొనీ బోర్డెయిన్ కలిసి తిన్న హువోంగ్ లియెన్ ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లు కూర్చున్న టేబుల్‌ని గాజు పెట్టెలో భద్రపరిచారు. చూడాలనిపిస్తే వెళ్లండి. రుచి కోసమే అయితే పొగ ఎక్కువగా, ఆఫీసు బ్యాడ్జీలు మెడలో వేసుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న చోట కూర్చోండి.

డబ్బు లెక్కకి వస్తే, వెయ్యి డాంగులంటే మనకి మూడు రూపాయల పైచిలుకు. ఫో గిన్నె 50 వేల నుంచి 70 వేల డాంగులు, బాన్ మీ అనే శాండ్‌విచ్ 25 వేల నుంచి 40 వేలు. కొట్లన్నిటా క్యూఆర్ కోడ్లు కనిపిస్తాయి కానీ వాటికి అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి, మనకి నగదే గతి. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. రాత్రి వీధి దీపాల కింద తొందరపడకుండా సున్నాలు లెక్కపెట్టుకోండి.

శాకాహారులు భయపడాల్సిన పని లేదు, జాగ్రత్త మాత్రం కావాలి. ఒట్టి తోటకూర వేపుడులా కనిపించేదాంట్లో కూడా చేప సాస్ పడుతుంది. 'చాయ్' అని బోర్డున్న చోటు పూర్తి శాకాహారం, మన టీతో దీనికి సంబంధం లేదు. బౌద్ధ సంప్రదాయం వల్ల చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు అక్కడ చాలామంది మాంసం మానేస్తారు. అంటే మన అమావాస్య, పౌర్ణమి అటూఇటూగా. ఆ రోజుల్లో మామూలు కొట్లు కూడా చాయ్ వంటలు పెడతాయి. మా ప్రయాణంలో పౌర్ణమి హుయేలో పడటం అమ్మ అదృష్టం.

హనోయ్ నుంచి హుయేకి రాత్రి రైలు, నాలుగు బెర్తుల కూపే. దుప్పటి శుభ్రంగా ఉంది, బాత్రూమ్ తెల్లారేసరికి లేదు. హుయే నుయెన్ రాజవంశానికి 1802 నుంచి 1945 దాకా రాజధాని, అందుకే అక్కడ వంటలు చిన్న చిన్న గిన్నెల్లో, ముద్దుగా వస్తాయి. బాన్ బేవ్ అయితే ఒక్కో సాసర్‌లో ఒక్కో ముద్ద బియ్యపు పిండి, పైన ఎండు రొయ్య పొడి. దోంగ్ బా మార్కెట్‌లో ఓ పళ్లెంలో పది సాసర్లు పేర్చి ఇచ్చారు. కారం తినే మనవాళ్లకి నాలుగు ఊళ్లలోనూ హుయేనే ఎక్కువ నచ్చుతుంది. బున్ బో హుయే అనే గొడ్డు మాంసం నూడుల్స్ రసంలో నిమ్మగడ్డి, మిరప నూనె, రొయ్యల ముద్ద ఘాటు కలిసి ముక్కు కారిస్తాయి. పౌర్ణమి నాడు గుడి దగ్గర ఒక చాయ్ హోటల్లో దాన్నే పుట్టగొడుగులతో, టోఫూతో చేశారు. అమ్మ గిన్నె ఖాళీ చేసి "రేపు కూడా ఇక్కడికే" అంది. మర్నాడు ఆ మెనూలో సగం లేవు, వేళంటే అదీ. బస మాత్రం హుయేలో తక్కువ డబ్బుకే మంచిది దొరుకుతుంది. నదికి దక్షిణాన ఉండండి, రాత్రి తిండి అంతా అటే.

హోయ్ ఆన్ అందమైన ఊరు, కాదనను. 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కానీ సాయంత్రం లాంతర్ల వేళ పాత ఊళ్లో నడవడానికి చోటుండదు, తిండి ధరలూ మిగతాచోట్ల కన్నా ఎక్కువ. కావ్ లావ్ నూడుల్స్ మందంగా, నమలడానికి గట్టిగా బాగుంటాయి. అసలైనవాటికి బా లే అనే పాత బావి నీళ్లే వాడాలని అక్కడివాళ్ల నమ్మకం. మేం పాత ఊరి మధ్యలో కాకుండా ట్రా క్వే కూరగాయల ఊరి వైపు హోమ్‌స్టే తీసుకున్నాం. మొత్తం ప్రయాణంలో బస అంటే అదే. గదిలోంచి చూస్తే తులసి, కొత్తిమీర, సోయికూర మళ్లు, పొద్దున్నే భుజాన కావిడితో నీళ్లు చల్లుతుంటారు. ఇంటి ఆవిడ అమ్మకి స్టూలు బదులు ఎత్తు కుర్చీ వేసి, పసుపు కలిపిన బియ్యప్పిండి అట్టు, బాన్ సేవ్, మాంసం లేకుండా మొలకలతో పోసి పెట్టింది. ఇద్దరికీ మాట కలవలేదు, వంట మాత్రం గంటసేపు కలిసే చేశారు.

తాగేవాటి గురించి విడిగా చెప్పాలి. కాఫీ ఉత్పత్తిలో బ్రెజిల్ తర్వాత స్థానం వియత్నాందే, అదీ ఎక్కువగా రోబస్టా రకం గింజలు. బాగా నల్లగా వేయించిన పొడిని ఫిన్ అనే చిన్న రేకు ఫిల్టర్‌లో వేసి గ్లాసు మీద పెడతారు. చుక్క చుక్కగా దిగడానికి నాలుగైదు నిమిషాలు. కింద కండెన్స్‌డ్ మిల్క్, పైన ఐసు. తాజా పాలు దొరకని రోజుల్లో మొదలైన అలవాటు ఇది. హనోయ్ గుడ్డు కాఫీ కూడా ఆ పాల కొరతలోనే, 1946లో, మెట్రోపోల్ హోటల్లో పనిచేసిన ఒకాయన పచ్చసొన గిలకొట్టి కనిపెట్టింది. ఆయన పేరుతోనే కఫే జాంగ్ నడుస్తోంది. సన్నటి సందులోంచి లోపలికి వెళ్లాలి. గుడ్డు వాసన రాదు, పైన నురగ తియ్యగా, కింద కాఫీ చేదుగా. గుడ్డు తిననివాళ్లకి కొబ్బరి కాఫీ ఉంది. నాకు మాత్రం 2010లో హుయేలో పుట్టిన ఉప్పు కాఫీ అన్నిటికన్నా నచ్చింది, ఆ చిటికెడు ఉప్పు చేదుని సగం తగ్గిస్తుంది.

బియా హోయ్ ఏ రోజుకారోజు తయారై పీపాల్లో వచ్చే పలచటి బీరు, ఆల్కహాల్ మూడు శాతం దగ్గర. గ్లాసు 10 వేల నుంచి 15 వేల డాంగులు. హనోయ్‌లో దీనికోసం తా హియెన్ వీధికి అందరూ వెళ్తారు. అక్కడ గోల, చెయ్యి పట్టుకుని లాగే కుర్రాళ్లు, ఎక్కువ ధర. నేనైతే వద్దంటాను. రెండు వీధులు అవతలికి సాయంత్రం అయిదింటికి వెళ్తే తాతలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు, నంజుకోవడానికి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. అమ్మ కాయలు ఒలుచుకుంటూ పక్కనే ఐస్ టీ తాగింది, దాని ధర మన డబ్బులో ఇరవై రూపాయల లోపు. సైగాన్ ఎండలో అయితే చిన్న నారింజలాంటి కాయ కలిపి తీసిన చెరుకు రసమే శరణ్యం. మధ్యలో కన్నం ఉన్న గొట్టాల్లాంటి ఐసు ఫ్యాక్టరీలో చేసింది, దానికి మేం భయపడలేదు. పొడి కొట్టిన ఐసు ముక్కలుంటే వద్దన్నాం. కడుపు ఇద్దరికీ చెడలేదు.

సైగాన్‌లో బూయ్ వియెన్ వీధి దగ్గర గది తీసుకుంటే నిద్ర మీద ఆశ వదులుకోవాలి. డిస్ట్రిక్ట్ 3 వైపు ఉండండి. 2025 జూలైలో డిస్ట్రిక్టులు రద్దయినా జనం నోట ఇంకా అవే పేర్లు. అక్కడ పొద్దున కమ్ తమ్ అనే నూకల అన్నం మీద కాల్చిన పంది మాంసం వేసి అమ్ముతారు, చాయ్ కొట్లలో అదే టోఫూతో. స్కూటర్ మీద తిప్పే ఫుడ్ టూర్ ఒకటి తీసుకున్నాం. నడిపిన అమ్మాయిలు ఎంత ఆప్యాయంగా ఉన్నారో చెప్పలేను. నిర్వాహకులు మాత్రం శాకాహారమని ముందే రాసి పంపినా అమ్మకి మూడు చోట్ల ఉత్త అన్నమే పెట్టించారు, డబ్బు పూర్తిగా తీసుకున్నారు. మాంసం తినేవాళ్లయితే తీసుకోండి, అదీ దిగిన ఊళ్లో మొదటి రాత్రే. ఎలా కూర్చోవాలో, ఏది దేనిలో ముంచాలో ఒక్కసారి చూస్తే తర్వాత గైడ్ అక్కర్లేదు. ఊళ్లో తిరగడానికి గ్రాబ్ యాప్ చాలు, ధర ముందే కనిపిస్తుంది కాబట్టి బేరాల టెన్షన్ లేదు.

తెచ్చుకోవాలంటే ఫిన్ ఫిల్టర్, కాఫీ పొడి మార్కెట్‌లో కొనండి, ఎయిర్‌పోర్ట్‌లో ధర చాలా ఎక్కువ. పునుగుపిల్లి కాఫీ (ఆ పిల్లి తిని విసర్జించిన గింజలతో చేసేది) అని అంటగట్టేవి మాత్రం వద్దు. చాలావరకు నకిలీ, నిజమైతే ఆ జంతువుల్ని బోనుల్లో పెట్టి తీసింది.