ఐదు వానాకాలాలు చూసిన మా పుట్టగొడుగుల ఛాంబర్

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ వంటగదికి ఆనుకుని ఉన్న చిన్న బాల్కనీలో పుట్టగొడుగులు పెంచే ఛాంబర్ ఒకటి నడుపుతున్నాను. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఆరడుగుల ఎత్తు. నాలుగు అరల ర్యాక్, చుట్టూ మందపాటి పాలిథిన్ తొడుగు, ముందు జిప్పు. లోపల మంచులా నీటి ఆవిరిని ఊదే హ్యుమిడిఫయర్, తేమ సరిపోగానే దాన్ని ఆపే కంట్రోలర్, ఒక చిన్న ఫ్యాను. అప్పట్లో అన్నీ కలిపి దాదాపు తొమ్మిదిన్నర వేలు అయ్యాయి. ఇది ఐదో వానాకాలం. మొదటి ఆరు నెలల్లో ఈ సమీక్ష రాసి ఉంటే తేమ గురించే రాసేదాన్ని. ఇన్నాళ్ల తర్వాత నాకు ముఖ్యంగా తోచేది గాలి.

మొదటి పంట ఇప్పటికీ గుర్తుంది. తడి వరిగడ్డి నింపిన సంచుల్లో ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు వేశాను. సంచుల నిండా తెల్లగా అల్లుకున్నాయి, రంధ్రాల దగ్గర మొగ్గలు కూడా వచ్చాయి. తీరా పెరిగేసరికి చిప్పల్లా విచ్చుకోవలసినవి వేలంత పొడవు కాడలుగా సాగి, చివర బొత్తాం అంత గొడుగుతో ఆగిపోయాయి. తేమ చాలలేదనుకుని కంట్రోలర్‌ను 85 నుంచి 92 శాతానికి పెంచాను. రెండో కోతలో కాడలు ఇంకా పొడవయ్యాయి. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మా బాబాయి చూడటానికి వచ్చి, జిప్పు తీసి, కాసేపు లోపలికి తొంగి చూశారు. "అమ్మా, వీటికి దాహం లేదు. ఊపిరాడటం లేదు" అన్నారు.

పుట్టగొడుగు మొక్క కాదు. మనలాగే ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. గడ్డిని తినేస్తున్న పది పన్నెండు సంచులను మూసిన తొడుగులో పెడితే ఆ వాయువు లోపలే పేరుకుపోతుంది. అప్పుడు పుట్టగొడుగు తాజా గాలి కోసం కాడను సాగదీస్తుంది, గొడుగును విప్పదు. తేమ ఎంత పెంచినా ఈ లోపం తీరదు.

నిజానికి మా ఛాంబర్‌లో అప్పటికే ఫ్యాను ఉంది. కానీ అది పైన, జిప్పు సందుకు పక్కనే ఉండేది. ఆ సందులోంచి వచ్చిన గాలినే లాగి బయటికి తోసేది తప్ప కింది అరల్లో గాలి కదిలేది కాదు. దాన్ని విప్పి అట్టడుగు మూలకు మార్చాను. ఎదురు మూలలో పైన అరచేయంత కిటికీ కోసి, సన్నని దోమతెర అతికించాను. గాలి పై మూలలో ప్రవేశించి, అన్ని అరలనూ తాకుతూ కిందికి దిగి, అక్కడి నుంచి బయటికి పోవాలి. తర్వాతి సంచుల్లో కింది అరలో కూడా అరచేతులంత చిప్పలు విచ్చుకున్నాయి. ఐదేళ్లలో నేను చేసిన మార్పులన్నిటిలో మేలైనది ఇదే. ఖర్చు పైసా లేదు.

ఫ్యాను ఎంతసేపు తిరగాలన్నది వేరే పాఠం. మొదట కొన్న టైమర్‌లో కనీస వ్యవధి 15 నిమిషాలు. ఏప్రిల్‌లో అంతసేపు ఫ్యాను తిరిగితే బయటి పొడిగాలి లోపలంతా ఆరబెట్టేసేది, లేత మొగ్గలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయేవి. కొన్ని నిమిషాలు తిప్పి కొన్ని నిమిషాలు ఆపే సైక్లిక్ టైమర్ పెట్టాక ఆ బాధ తీరింది. ఇప్పుడు ప్రతి అరగంటకూ మూడు నిమిషాలు తిరుగుతుంది. ఇంత చిన్న ఛాంబర్‌లో గాలి మారడానికి అది చాలు. సంచులు నిండుగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలకు పెంచుతాను. కాడలను చూసే నిర్ణయించుకుంటాను. అవి సాగుతుంటే గాలి తక్కువైనట్టు, గొడుగుల అంచులు పగులుతుంటే పొడి ఎక్కువైనట్టు.

ఇక తేమను కొలిచే మీటరు. చవక మీటర్లను నమ్మవద్దని గట్టిగా చెబుతాను. వాటిని పరీక్షించే పద్ధతి ఇంట్లోనే ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు కలిపి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో ఒక రాత్రి ఉంచాలి. ఆ డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. నా మొదటి మీటరు 68 చూపించింది. అంటే నేను 85 అనుకున్నది నిజానికి 90 దాటి ఉండాలి. గొడుగుల మీద తడి ఆరక పసుపు గోధుమ మచ్చలు వచ్చి, అవి జిగటగా మారి కుళ్లడానికి కారణం అదేనని అప్పుడు అర్థమైంది. సెన్సార్‌ను హ్యుమిడిఫయర్ మూతికి దూరంగా, మధ్య అరలో వేలాడదీయాలి. ఆవిరి నేరుగా తగిలితే తప్పుడు లెక్క చూపుతుంది, తొందరగా పాడవుతుంది కూడా.

హ్యుమిడిఫయర్ పని మెచ్చదగినదే కానీ దానికి సేవ ఎక్కువ. మా బోరు నీరు పోసినప్పుడు పుట్టగొడుగుల మీద, తొడుగు మీద తెల్లటి పొడి పేరుకుంది. అది నీటిలో కరిగి ఉన్న లవణాలు. లోపల కంపించి ఆవిరి పుట్టించే డిస్క్ మీద కూడా అదే గట్టిపడి ఆవిరి తగ్గిపోయేది. ఇప్పుడు ఆర్వో శుద్ధి నీరే పోస్తాను. ఆ యంత్రం బయటికి వదిలేసే వృథా నీటిని వాడకూడదు, అందులో లవణాలు ఇంకా ఎక్కువ. వారానికోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీటితో డిస్క్‌ను కడుగుతాను. అంత చేసినా ఐదేళ్లలో మూడు డిస్క్‌లు మార్చాను. మార్చి నెలలో రోజుకు నాలుగు లీటర్లు తాగే ఈ యంత్రం ఆగస్టులో లీటరుతో సరిపెట్టుకుంటుంది.

సంచుల తయారీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఛాంబర్‌ను ఎంత బాగా కట్టుకున్నా, చెడిన సంచిని అది బాగుచేయలేదు. వరిగడ్డి మా పుట్టింటి ఊరి నుంచి తెప్పిస్తాను. వానలో తడిసి నల్లబడినది వద్దు, ఆ ఏడాది పంటది, బంగారు రంగులో ఉన్నది కావాలి. రెండంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, పెద్ద గుండిగలో దాదాపు 80 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు ఉంచుతాను. కార్బెండజిమ్ అనే బూజు మందు, ఫార్మలిన్ కలిపిన నీటిలో నానబెట్టే పద్ధతిని శిక్షణల్లో నేర్పుతారు, పెద్ద ఎత్తున చేసేవారికి అది సులువు. కానీ పిల్లలు తిరిగే ఫ్లాట్‌లో ఫార్మలిన్ సీసా తెరవడానికి నేను ఒప్పుకోను. గ్యాస్ ఖర్చు ఎక్కువైనా వేడి నీరే నా ఎంపిక.

ఆరబెట్టడంలోనే చాలామంది తొందరపడతారు. గుప్పెడు గడ్డిని గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, అరచేయి మాత్రం తడవాలి. అంతకన్నా తడిగా నింపిన సంచుల్లో నాకు రెండుసార్లు సన్నని బూడిదరంగు గొడుగులు మొలిచి, ఒక్క రోజులోనే నల్లటి సిరాలా కరిగిపోయాయి. మనం వేయనిది ఏది మొలిచినా దాన్ని వండకూడదు. కిలో ఎండుగడ్డి తడిస్తే మూడు కిలోల దాకా తూగుతుంది. ఆ సంచికి వంద గ్రాముల విత్తనం పొరలు పొరలుగా వేస్తాను. విత్తనమంటే ఉడికించిన జొన్నల మీద పెంచిన తెల్లటి పుట్టగొడుగు బూజే. ఒకసారి ఒక అమ్మకందారు పంపిన పాకెట్లు విప్పితే పులిసిన వాసన వచ్చింది. అయినా డబ్బు పెట్టాను కదా అని వాడాను. ఎనిమిది సంచులకు ఆరు ఆకుపచ్చ బూజు పట్టాయి. అప్పటి నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయం దగ్గరకు స్వయంగా వెళ్లి తాజా విత్తనం తెచ్చుకుంటున్నాను. బూజు పట్టిన సంచిని ఇంట్లో విప్పకుండా, మరో కవరులో చుట్టి బయటికి పంపేస్తాను.

సంచులు తెల్లబడే పదహారు నుంచి ఇరవై రోజులు ఛాంబర్ అక్కరలేదు. చీకటి అలమరాలో ఉంటే చాలు. ఈ సంగతి తెలియక మొదట్లో అరలన్నీ వాటితోనే నింపేదాన్ని. ఇప్పుడు పది రోజులకు నాలుగు సంచుల చొప్పున సిద్ధం చేసి, తెల్లబడినవే లోపల పెడుతున్నాను. కోతలు వరుసగా వస్తాయి, మూడు కోతలకు సంచికి సగటున 600 గ్రాములు దిగుతుంది. బాగా కుదిరినప్పుడు 850 దాకా తీశాను. నలుగురున్న ఇంటికి ఇది సమృద్ధి. అమ్మి లాభం చూడాలనుకునేవారికి ఈ కొలత చాలదు.

మా అత్తయ్యకు మొదట్లో ఇవి నచ్చలేదు. "వానల్లో పుట్టల మీద మొలిచే పుట్టకొక్కుల రుచి వీటికి ఎక్కడిది? అవే పెంచరాదూ" అనేవారు. అవి చెదపురుగుల పుట్టలో, వాటితో కలిసి బతికే జాతి, సంచిలో రావని చెప్పాను. ఎండాకాలంలో పాల పుట్టగొడుగులు పెంచి, మిరియాలు దంచి వేపుడు చేసి పెట్టాక ఆవిడ మాట మార్చారు.

ఆ పాల పుట్టగొడుగులే మా ఛాంబర్‌ను ఏడాది పొడవునా నడిపిస్తున్నాయి. ముత్యపు చిప్ప జులై నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా వస్తుంది, వేడి 30 డిగ్రీలు దాటితే మొరాయిస్తుంది. పాల పుట్టగొడుగు సరిగ్గా అప్పుడే అందుకుంటుంది, 30 నుంచి 35 డిగ్రీలు దానికి ఇష్టం. తెల్లబడిన సంచిని సగానికి కోసి, వేడిచేసి చల్లార్చిన మట్టిని పైన రెండు సెంటీమీటర్ల మందాన పరచాలి. పది పన్నెండు రోజులకు మట్టిలోంచి తెల్లటి మొగ్గలు లేస్తాయి. కోశాక ముత్యపు చిప్ప ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకే వాడిపోతుంది, ఇది అంతకన్నా చాలా రోజులు గట్టిగా ఉంటుంది.

విడిభాగాల్లో ఇనుప ర్యాక్ మూడో ఏటికే బోల్టుల దగ్గర తుప్పు పట్టింది, స్టీలుది మార్చాను. చెక్క అసలు వద్దు, దానికే బూజు పడుతుంది. పాలిథిన్ తొడుగు ఏడాదిన్నరకు మసకబారుతుంది. ఫ్యాను ఒకసారి, కంట్రోలర్ ఒకసారి మారాయి. ప్రతి రెండు నెలలకూ అన్నీ ఖాళీ చేసి, సబ్బు నీటితోనూ బ్లీచింగ్ పౌడర్ నీటితోనూ కడిగి, రెండు రోజులు తెరిచి ఆరబెడతాను. ఇది మానేసిన ఏడాదే చిన్న ఈగలు చేరి మొగ్గలను తొలిచాయి. కరెంటు పోతే భయం లేదు, రెండు మూడు గంటలు తేమ లోపలే నిలుస్తుంది.

చివరిగా, కొనేముందే అందరూ తెలుసుకోవలసిన విషయం. మొదటి ఏడాది ఈ ఛాంబర్ హాల్లో ఉండేది. విచ్చుకున్న ముత్యపు చిప్పలు రాత్రికి రాత్రే లెక్కలేనన్ని సూక్ష్మ బీజాలు వదులుతాయి. తెల్లవారి చూస్తే కింది అర మీద పిండి చల్లినట్టు ఉండేది. మామయ్యకు పొడిదగ్గు పట్టుకుని వారాల పాటు తగ్గలేదు. పుట్టగొడుగుల ఫారాల్లో రోజూ ఈ బీజాలను పీల్చేవారికి ఊపిరితిత్తుల జబ్బు రావచ్చన్నది వైద్యులకు బాగా తెలిసిన విషయమే. ఛాంబర్‌ను బాల్కనీకి మార్చి, ఫ్యాను గాలి గొట్టంలోంచి నేరుగా బయటికి పోయేలా చేశాక ఆయన దగ్గు తగ్గింది. గొడుగు అంచు ఇంకా లోపలికి ముడుచుకుని ఉండగానే కోసేస్తాను. అప్పుడు బీజాలు తక్కువ రాలతాయి, రుచీ ఎక్కువ. కోసేటప్పుడు, కడిగేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉండి, గాలిని బయటికి పంపే దారి లేకపోతే ముత్యపు చిప్పలకు ఛాంబర్ పెట్టవద్దు.