ముందు చిగుళ్లు చూపించమనే గ్రూపు: మూడేళ్లు వాడాక నా అనుభవం

మా కడపలో కుక్కలు పెంచుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరి మూడేళ్లు దాటింది. అలాంటి గ్రూపులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది అక్కడి ఒక్క పద్ధతి గురించి. "మా కుక్కకు బాగాలేదు, ఏం మందు వెయ్యాలి" అని అడిగితే మందు పేరు చెప్పరు. "ముందు పెదవి ఎత్తి చిగుళ్ల ఫొటో పెట్టండి" అంటారు. ఆ ఒక్క మాట వల్లే మా కర్రోడు ఈ పొద్దు నా కుట్టుమిషను కింద పడుకుని నిద్రపోతున్నాడు.

కర్రోడు నాటుకుక్క. నల్లగా ఉంటాడని మా అమ్మ పెట్టిన పేరు. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఇల్లంతా నల్లబండలు పరిచినదే, నడి ఎండాకాలంలో కూడా మిషను కింద చల్లగా ఉంటుంది. వాడి చోటు అదే. నేను గ్రూపులో చేరాక వచ్చిన మొదటి మేనెలలో ఒకరోజు వాడు అక్కడ పడుకోలేదు. వాకిట్లో ఎండ పడేచోట ముడుచుకుని పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. ఎండదెబ్బేమో అనుకుని మజ్జిగ పోశాను. రెండో రోజూ అంతే. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో రాశాను.

పది నిమిషాల్లో జవాబులు వచ్చాయి, అన్నీ ప్రశ్నలే. ఎప్పటినుంచి తినడం లేదు? నీళ్లు తాగుతున్నాడా? మూత్రం ఏ రంగులో ఉంది? థర్మామీటర్ పెట్టి చూశారా? చిగుళ్లు ఎలా ఉన్నాయి? ఈ ప్రశ్నల వరుస పెట్టింది ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి. గ్రూపు డిస్క్రిప్షన్‌లో కూడా అదే ఉంటుంది.

ఫ్లాష్ వేసి ఫొటో తీసి పెట్టాను. "అక్కా, ఫ్లాష్‌కు అన్నీ తెల్లగానే పడతాయి. మీకు రంగు బాగా తెలిసిన వస్తువు ఏదైనా పక్కన పెట్టి, మామూలు లైటులో మళ్లీ తీయండి" అంది ఆ అమ్మాయి. ఇంకో మాట కూడా చెప్పింది. నల్లకుక్కలకు చిగుళ్ల మీద నల్లమచ్చలు ఉంటాయి, మచ్చ లేని చోటు వెతకాలి, అదీ దొరక్కపోతే కంటి కింది రెప్ప కిందికి లాగి లోపల చూడాలి అని. మిషను లైటు వాడి మూతి దగ్గరికి తిప్పాను. లేత గులాబీ దారం రీలు ఒకటి పంటి పక్కన పట్టుకున్నాను. మా అమ్మ తల పట్టుకుంది.

రోజంతా బ్లౌజు గుడ్డకు మ్యాచింగ్ దారం వెతికే కళ్లు నావి. ఫొటో గ్రూపులో పెట్టకముందే నాకు అర్థమైపోయింది. దారం గులాబీగానే ఉంది. గులాబీగా ఉండాల్సిన చిగురు మాత్రం నేను లైనింగుకు వాడే తెల్లగుడ్డకు దగ్గరగా ఉంది. వేలితో నొక్కి వదలమంది, రంగు రెండు సెకన్లలోపు తిరిగి రావాలట. నొక్కితే తెల్లబడడానికి అక్కడ రంగే లేదు. తర్వాత చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకమంది. ముందరి కాలి వేళ్ల మధ్య మూడు గోమార్లు, రక్తం తాగి ఉబ్బి ఉన్నాయి.

"రాత్రికి మీరుగా ఏ మాత్రా వెయ్యొద్దు. పొద్దున్నే డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు చూడమనండి. ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం డికాక్షన్ రంగుకు మారినా పొద్దుటి దాకా ఆగొద్దు" అని రాసింది. మరుసటి రోజు ప్లేట్‌లెట్లు 38 వేలు అని తేలింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రెండు లక్షలకు అటూఇటూ మొదలై ఇంకా పైనే ఉంటాయట. గోమార్ల ద్వారా వచ్చే ఎర్లిషియా అనే జ్వరం అది. డాక్సీసైక్లిన్ 28 రోజులు రాశారు. "ఇంకో రెండు రోజులు ఎండదెబ్బ అనుకుని ఉంటే కష్టమయ్యేదమ్మా" అన్నారు డాక్టరు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే, దారం రీలును పెద్దది చేసి మరీ చూశారు.

ఆ 28 రోజులూ గ్రూపు నా వెంట ఉంది. మాత్ర మింగడని పెరుగన్నంలో పెట్టాను. పాలు, పెరుగులో ఉండే కాల్షియం ఈ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదని ఒకరు చెప్పారు. అయితే సంగటి ముద్దలో పెట్టమని ఇంకొకరన్నారు. రాగుల్లోనూ కాల్షియం ఎక్కువే కదా అని మూడో మనిషి ఆపారు. డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే ఉడికించిన కోడి కార్జం ముక్కలో పెట్టమన్నారు. చివరి రోజు దాకా అలాగే పెట్టాను. ఒకరి మాట ఇంకొకరు సరిదిద్దడం, తేలనిది డాక్టరును అడగడం, ఇలా సాగుతున్నంత కాలం ఆ గ్రూపు బంగారం.

గోమార్ల సంగతి కూడా అక్కడే తెలిసింది. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి ఇంట్లోనే ఉంటాయి. ఆడది రక్తం తాగి కింద పడి, ఏ పగులులోనో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మా కడప బండల ఇళ్లలో వాటికి చోట్లకు కొదవా? మిషను కింద బండల సందులో సూదితో గీస్తే ఆవగింజంత పిల్లలు వరసగా బయటికొచ్చాయి. కర్రోడు చల్లదనం కోసం రోజూ పడుకునే చోటు అదే. మేస్త్రీని పిలిచి సందులన్నీ సిమెంటుతో పూడ్పించాను. మందు స్నానాలకు, కాలర్లకు అంతకుముందు ఎంత ఖర్చు పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పది నిమిషాల్లో జవాబులు వచ్చాయని పైన రాశాను. అప్పట్లో అది నిజమే, కానీ అందుకు కారణం ఎక్కువగా ఆ ఒక్క అమ్మాయి. ఆమెకు పరీక్షలు ఉన్న రోజుల్లో జవాబులు వచ్చేవి, ప్రశ్నలు వచ్చేవి కావు. పోయిన ఏడాది చదువు పూర్తయి ఆమె వేరే ఊరు వెళ్లిపోయింది. డిస్క్రిప్షన్‌లో ఆ ఐదు ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి. దాన్ని తెరిచి చదివేవాళ్లే లేరు. ప్రతిసారీ ఓపిగ్గా మళ్లీ అడిగే మనిషి ఉంటేనే అది పద్ధతి అవుతుందని ఆమె వెళ్లాక గానీ నాకు తెలియలేదు.

పోయిన జనవరిలో పక్కింటి ఖాలా రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చింది. చేతిలో వాళ్ల పిల్లి, దాని పేరు జున్ను. "బేటీ, దీని ఒళ్లు కాలిపోతా ఉంది. రెండు దినాల నుంచి ఏమీ తినలేదు. నీ గ్రూపులో అడుగు" అంది. నేను చేసిన పని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "పక్కింటి పిల్లికి జ్వరం, ఏం చేయాలి" అని ఒక్క వాక్యం పెట్టాను. కొలవలేదు, ఫొటో తీయలేదు. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "చిన్నపిల్లల పారాసెటమాల్ సిరప్ కొంచెం పట్టండి, మా కుక్కకు పోస్తే తగ్గింది" అని. ఇంత త్వరగా చెప్పారని నాకు సంతోషం కూడా వేసింది. పైకి చదివి వినిపించాను. ఖాలా ఇంట్లో మనవడి సిరప్ ఉంది. జున్నును తువ్వాలులో చుట్టి నేను పట్టుకున్నాను, ఆమె పోసింది.

పెళ్లి ఆర్డరు ఉందని ఫోన్ సైలెంట్‌లో పెట్టి మిషను ముందు కూర్చున్నాను. పదింటికి చూస్తే మూడు మిస్డ్ కాల్స్, ఒక వాయిస్ మెసేజ్. గ్రూపులో ఉన్న ఒక పెద్దాయన. "అమ్మా, పిల్లికి పొయ్యలేదు కదా? పొయ్యొద్దు, పిల్లికి అది విషం." పారాసెటమాల్‌ను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. అది ఒంట్లో నిలిచి రక్తాన్ని పాడుచేస్తుంది, రక్తం ఆక్సిజన్ మోయలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. జున్ను మూతి ఉబ్బి ఉంది. గసపెడుతోంది. పెదవి ఎత్తి చూశాను. స్కూల్ యూనిఫారం ప్యాంట్లకు నేను వాడే కాఫీరంగు దారం ఒకటి ఉంది. చిగుళ్లు ఆ రంగులో ఉన్నాయి.

మాకు తెలిసిన డాక్టరు ఆ వేళలో కూడా తలుపు తీశారు. ఈ విషానికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్, మనుషుల మందుల షాపులోనే దొరుకుతుంది. మా తమ్ముడు బండి మీద తిరిగి తెచ్చాడు. ఆ రాత్రంతా, మరుసటి పగలంతా చూశారు. సాయంత్రం జున్ను పోయింది.

ఖాలా నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు పట్టుకున్నావు, నేను పోశాను. ఇద్దరం మంచికే చేసినాము బేటీ" అంది. ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు. తర్వాత తెలిసింది, పిల్లికి మామూలుగానే ఒంటి వేడి 100.5 నుంచి 102.5 దాకా ఉంటుందని. మన చేతికి ఆరోగ్యంగా ఉన్న పిల్లి కూడా వెచ్చగానే తగులుతుంది. జున్నుకు అసలు జ్వరం ఉందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. థర్మామీటర్ మా ఇంట్లోనే ఉంది.

సిరప్ చెప్పినతను ఆ మెసేజ్ తీసేశాడు, నాకు విడిగా క్షమాపణ పెట్టాడు. చెడ్డ మనిషి కాదు, తన కుక్కకు ఏమీ కాలేదు కాబట్టి చెప్పాడు. కానీ మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకు కూడా మంచివి కావు. ఐబూప్రొఫెన్ లాంటివి పొట్టలో పుండ్లు పెడతాయి, కిడ్నీలు చెడగొడతాయి. మందు పేరు, మోతాదు రాసిన మెసేజ్ ఏదైనా తీసేయాలని అడ్మిన్ అన్నను పట్టుబట్టి అడిగాను. ఒప్పుకుని ఆ నియమం పిన్ చేశాడు. వాట్సాప్‌లో పిన్ 30 రోజులకు మించి ఉండదు, దానంతట అదే పోతుంది. రెండు నెలలు మళ్లీ మళ్లీ పెట్టాడు, తర్వాత మరిచిపోయాడు. ఇప్పుడు నేనే గుర్తు చేస్తుంటాను. కొందరికి విసుగ్గా ఉంటుందని తెలుసు.

నేనూ జవాబులు ఇస్తుంటాను, ప్రశ్నల రూపంలోనే. ఈమధ్య ఒకబ్బాయి రెండు నెలల కుక్కపిల్ల రక్తవిరేచనాలు చేసుకుంటోందని పెట్టాడు. టీకా వేయించారా అని అడిగితే లేదన్నాడు. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) కావచ్చు, తెల్లారేదాకా చూడొద్దు, ఇప్పుడే తీసుకెళ్లండి అని మాత్రం రాశాను. నలుగురు మందులు చెబుతున్నా అతను వెళ్లాడు. పిల్ల బతికింది.

చేరాలా వద్దా అని అడిగితే నా పరిస్థితి నుంచే చెప్పగలను. నాకు డాక్టరు స్కూటీ మీద పది నిమిషాల దూరం. రోజంతా ఇంట్లోనే ఉంటాను, కర్రోడు కళ్లముందే ఉంటాడు. అలాంటివాళ్లకు ఇది చూడడం నేర్పే చోటు, డాక్టరుకు ఏం చెప్పాలో నేర్పే చోటు. జమ్మలమడుగు అవతల ఏ పల్లెలోనో ఉండి, రాత్రిపూట గ్రూపే డాక్టరు అయ్యే పరిస్థితి ఉంటే నాకు భయం. వాళ్లు పశువైద్య సేవల 1962 నంబరు, దగ్గరి డాక్టరు నంబరు ముందే రాసిపెట్టుకోవాలి. ఇక పిల్లి ఉన్నవాళ్లను ఇందులో చేరమని నేను చెప్పను. ఇది కుక్కలవాళ్ల గ్రూపు, పిల్లి సంగతి తెలిసినవాళ్లు ఇందులో ఇద్దరో ముగ్గురో.

రంజాన్ తర్వాత ఖాలా ఇంకో పిల్లికూనను తెచ్చుకుంది. తెల్లటిది, ఇంకా పేరు పెట్టలేదు. మొన్న ఆదివారం వెళ్లి, కిటికీ వెలుతురులో దాని పెదవి ఎత్తి, లేత గులాబీ దారం రీలు పక్కన పెట్టి ఫొటో తీశాను. ఆరోగ్యంగా ఉన్నప్పటి రంగు ఇదీ అని ఖాలా ఫోన్‌లో దాచాను. గ్రూపులో పెట్టలేదు.