ఎన్జీవోలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ చేశాను, 3.5 స్టార్లు

మా జూనియర్లు అందరూ "అక్కా ఎలా ఉంది, జాయిన్ అవ్వొచ్చా" అని అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకి చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. సంస్థ పేరు చెప్పను, అడగొద్దు. ఊళ్ళో పనికి 5, హైదరాబాద్ ఆఫీసుకి 2, సగటు తీస్తే 3.5 వచ్చింది.

మే, జూన్ కలిపి ఎనిమిది వారాలు. నెలకి 6,000 ఇస్తారు, రూమ్ వాళ్ళదే. నన్నేసింది నారాయణపేట జిల్లాలో, మాది గుంటూరు, నాకు నారాయణపేట అంటే చీరలు తప్ప ఇంకేం తెలీదు. బళ్ళకి సెలవులు కాబట్టి ఊళ్ళో సమ్మర్ క్యాంప్ పెట్టి 3, 4, 5 తరగతుల పిల్లలకి చదవడం నేర్పించాలి, తరగతిని బట్టి కాదు, ఎవరికి ఎంత వచ్చో చూసి గ్రూపులు చెయ్యాలి. ప్రథమ్ అనే ఎన్జీవో వాళ్ళు 2005 నుంచి పల్లెటూరి పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూడ్డానికి ఏసర్ అని సర్వే చేస్తున్నారు, అక్షరాలు, పదాలు, పేరా, కథ అని ఒక కాగితం పట్టుకుని పిల్లల్ని చదివించి చూస్తారు, మా టెస్టు కూడా అలాంటిదే.

ఆఫీసు వాళ్ళిచ్చిన టైమ్ టేబుల్లో క్యాంప్ పొద్దున 10కి. మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు, అందులో ముగ్గురి చంకలో పిల్లలు. నేను పేరెంట్స్‌కి శ్రద్ధ లేదేమో అనుకుని రిపోర్టులో కూడా అదే రాయబోయా. మా ఫీల్డ్ అక్క (అదే ఊరు, పదో తరగతి వరకు చదువుకుంది) నవ్వి "అమ్మలంత ఉపాధి పనికి పోయిన్రు బిడ్డా, పదకొండైతెగాని రారు, చిన్న పోరగాండ్లను ఎవలు సూస్తరు?" అంది. సాయంత్రం 5కి మార్చాం. 26 మంది వచ్చారు. అంతే, ఇంకేం చెయ్యలేదు మేము.

ఇంకోటి, బొమ్మల కార్డుల్లో ఉల్లిపాయ ఉంది, పిల్లలంతా ఉల్లిగడ్డ అన్నారు, నాకంటే ముందొచ్చిన ఇంటర్న్ అందరికీ తప్పు పెట్టేసి వెళ్ళాడు! పాపం ఆ అబ్బాయిదీ మా వైపే అనుకుంటా.

ఇక అసలు సంగతి. ఐదో తరగతి పిల్లాడొకడు పేరా గడగడా చదివేశాడు. నేను సంతోషంగా షీట్‌లో "పేరా" అని రాసేశా. అక్క పక్కనుంచి చూస్తోంది, వాడి కళ్ళు కాగితం మీద లేవంట. "ఆ కాయిదం పక్కన వెట్టు, ఇంకోటి ఇయ్యి" అంది. ఇంకో పేరా ఇచ్చా, మొదటి లైన్‌లో "చెట్టు" దగ్గరే ఆగిపోయాడు, వేలు ట వత్తు మీద పెట్టి నా మొహంలోకి చూస్తున్నాడు. ఏడాదిగా వచ్చిన ప్రతి ఇంటర్నూ అదే షీట్ చదివించి చదివించి, వాడికి కంఠతా వచ్చేసింది. ఆ రాత్రి కూర్చుని లెక్క చూస్తే పేరా లెవెల్ అని రాసుకున్న 11 మందిలో కొత్త షీట్ చదవగలిగింది నలుగురే.

ఆఫీసుకి ఫోన్ చేసి అంకెలు మార్చాలి అన్నా. "డోనర్‌కి ఆల్రెడీ పంపేశాం, ఇప్పుడు తగ్గిస్తే బాగోదు, వచ్చే క్వార్టర్ చూద్దాం" అన్నారు. నాకు భలే కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ళ భయం కూడా కొంచెం అర్థమైందిలెండి, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి పెట్టాలి, ఆ డబ్బు మళ్ళీ ఏడాది రావాలంటే గ్రాఫ్ పైకే పోవాలి, లేకపోతే అక్క జీతం ఆగుతుంది. అర్థమైనా ఒప్పుకోలేను, పిల్లాడికి చదవడం రాదు కదా. నా ఎక్సెల్‌లో మాత్రం పాత కాలమ్ పక్కనే కొత్త కాలమ్ పెట్టి, ఏ షీట్ చదివించామో కూడా రాసి ఇచ్చి వచ్చా. అది ఎవరైనా తెరిచారో లేదో. మిగిలిన వారాలు వాడికి ఒత్తులే నేర్పించా, ఇసకలో వేలితో రాయించి. వెళ్ళేరోజుకి "చెట్టు", "పుట్ట", "అన్నం" చదివాడు, పేరా ఇంకా రాలేదు, జూన్ 12న బడి తెరిస్తే సాయంత్రాలు కూడా తక్కువైపోయాయి.

చేరేవాళ్ళకి ఒక్క మాట. నాది ఆంధ్రా ఆధార్, కాబట్టి బస్సులో తెలంగాణ ఆడవాళ్ళకిచ్చే ఫ్రీ జీరో టికెట్ నాకు లేదు, పల్లెవెలుగు టికెట్లన్నీ దాచి చివర్లో బిల్లు పెట్టుకోమన్నారు. ఆ మెషిన్ కాగితం మే ఎండకి బ్యాగులోనే తెల్లగా అయిపోతుంది. ఏ రోజు టికెట్ ఆ రోజే ఫోటో తీసుకోండి. నావి 1,140 రూపాయలు, "టికెట్ మీద ఏం కనపడట్లేదమ్మా" అని అకౌంట్స్ సార్ ఇంకా పెండింగ్‌లోనే పెట్టారు.